బాలింతను, పసిబిడ్డను ఇంట్లోనే చక్కగా ఫోటో తీయడం ఎలా?

ఇంట్లో బిడ్డ పుట్టిన తొలి నెలల్లో అందరి ఫోన్లూ ఫోటోలతో నిండిపోతాయి. వాటిని తీరిగ్గా చూస్తే బిడ్డ ఒక్కటే ఉన్నవి వందల్లో ఉంటాయి. తాతయ్య ఒళ్లో, మేనమామ భుజం మీద, పిన్ని చేతుల్లో ఉన్నవి పదుల్లో ఉంటాయి. తల్లీబిడ్డల ముఖాలు రెండూ మంచి వెలుగులో స్పష్టంగా కనిపించేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తల్లి ఉన్న ఫోటోల్లో కూడా ఆమె చెయ్యో, చీర కొంగో పడుతుంది. లేకపోతే నిద్రలేమితో వాడిన ముఖంతో, ట్యూబ్‌లైటు కింద, ఎవరో పిలిస్తే తలెత్తి చూసినట్టు ఉంటుంది. ఖరీదైన కెమెరా కొన్నంత మాత్రాన ఈ లోపం తీరదు. తల్లి హాయిగా కూర్చుంటే బిడ్డ కుదురుగా ఉంటుంది, ఇద్దరూ కుదురుగా ఉంటేనే వెలుగును చూసుకోవడానికి మీకు వ్యవధి దొరుకుతుంది. అందుకే ఈ పనిలో మొదట తల్లి, తర్వాత వెలుగు, ఆ తర్వాత బిడ్డ, చివరికి కెమెరా అనే వరస పాటించాలని నేను గట్టిగా నమ్ముతాను. పురిటికి పుట్టింటికి వచ్చిన అక్కచెల్లెళ్లనో, తమ భార్యాబిడ్డలనో తీయాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీ చేతిలో ఉన్నది ఫోనైనా, 50 ఎంఎం లెన్సు పెట్టిన కెమెరా అయినా పద్ధతి ఒకటే.

ముందు రోజే తల్లితో మాట్లాడండి

కాన్పు మామూలుగా జరిగిందా, ఆపరేషన్ అయిందా, ఎంతసేపు కూర్చోగలదు, నేల మీద కూర్చోగలదా, వీపుకు ఆసరా ఉన్న కుర్చీ కావాలా, పాలిచ్చేటప్పుడు తీయడానికి ఆమెకు సమ్మతమేనా, తనలో ఫోటోలో కనిపించకూడదని అనుకునేది ఏమైనా ఉందా అనే విషయాలను ముందుగానే అడిగి తెలుసుకోండి. చివరి రెండు ప్రశ్నలను చుట్టాల మధ్య అడగవద్దు, ఎందుకంటే నలుగురి ముందూ ఆమె మొహమాటానికి సరేనని, తర్వాత బాధపడే అవకాశం ఉంటుంది. కాన్పు తర్వాత శరీరం మారుతుంది, మనసు కూడా నిలకడగా ఉండదు. ఆ రోజుల్లో ‘కొంచెం ఒళ్లు చేశావు’, ‘నీరసంగా కనిపిస్తున్నావు’ వంటి మాటలు ప్రేమతో అన్నా సరే, ఆమె ముఖం మీద వెంటనే కనిపిస్తాయి, ఫోటోలోకీ వస్తాయి.

కొన్ని ఇళ్లలో పదకొండో రోజు దాకా, మరికొన్నిచోట్ల ఇరవై ఒకటో రోజు బారసాల దాకా బిడ్డను ఫోటో తీయవద్దంటారు. పెద్దవాళ్లు దిష్టి గురించి అన్న ఆ మాటతో వాదానికి దిగకుండా ఆగడమే మంచిది. మొదటి రెండు వారాల్లో బిడ్డ గర్భంలో ఉన్నట్టే ముడుచుకుని ఎక్కువసేపు నిద్రపోతుందన్నది నిజమే గాని, ఇంట్లో వాళ్లకు ఇష్టం లేని వేళలో తీసిన ఫోటోలో ఆ ఇబ్బంది తల్లి కళ్లలో ఉండిపోతుంది.

గదిలో తల్లితోపాటు ఆమెకు బాగా చనువున్న ఒక స్త్రీ, సాధారణంగా అమ్మగాని అత్తగాని ఉంటే చాలు. మిగిలినవారిని కాసేపు వసారాలో కూర్చోమనండి. ఈ సంగతి మన దగ్గర ఫోటోగ్రఫీ తెలిసినవాళ్లు ఎప్పుడో గ్రహించారు. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక మహిళకే అప్పగించారు. స్త్రీకి తాను భద్రంగా ఉన్నానన్న భావన కలిగాకే కెమెరా ముందు ఆమె ముఖం తెరిపిన పడుతుందన్న ఎరుక ఆ ఏర్పాటులో ఉంది. మీ ఇంటి గది కూడా ఆ గంటసేపు అలాగే ఉండాలి.

మీ సంగతి కూడా చూసుకోండి. జలుబు, దగ్గు, జ్వరం వంటివి ఏ కొంచెం ఉన్నా ఆ పని మరో రోజుకు వాయిదా వేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఉంగరాలు, గడియారం తీసేయండి, సెంటు పూసుకోవద్దు.

వేళను బిడ్డే నిర్ణయిస్తుంది

మన ఇళ్లలో పసిబిడ్డకు ఒంటికి నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, పాలు పట్టి పడుకోబెడతారు. నీళ్లు పోసిన తర్వాత కడుపు నిండిన బిడ్డ గాఢంగా నిద్రపోయే ఆ ఒకటి రెండు గంటలే మీకు బంగారం లాంటి సమయం. అది చాలా ఇళ్లలో ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర మధ్య వస్తుంది కాబట్టి కిటికీ వెలుగు కూడా అప్పుడు అనుకూలంగా ఉంటుంది. అయితే నీళ్లు పోసిన వెంటనే మొదలుపెట్టకుండా, పాలు తాగి తేన్పు వచ్చేదాకా ఆగండి. నూనె ఇంకా మిగిలి నుదురు, బుగ్గలు మెరుస్తుంటే మెత్తని పాత బట్టతో అద్దమనండి. ఇంట్లో సాంబ్రాణి వేసే అలవాటుంటే బిడ్డను ఆ గదికి దూరంగా ఉంచమని చెప్పండి. పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు, గదిలో కమ్ముకున్న పొగ ఫోటోలను కూడా మసకబారుస్తుంది.

చలిదేశాల్లో నవజాత శిశువులను తీసేవాళ్లు గదిని హీటర్లతో వేడిచేసుకుంటారు. విజయవాడలోనో, వరంగల్లులోనో వేసవిలో ఆ అవసరం ఏముంటుంది? ఫ్యాను గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూసి, తల్లికి చెమట పట్టనంత చల్లగా గదిని ఉంచితే చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం బిడ్డ ఒంటి మీది బట్ట తీయవలసి వస్తే ముందుగా కిటికీ తలుపులు వేయించండి.

బిడ్డ ఏడిస్తే కెమెరా పక్కన పెట్టండి. ఆకలో, తడిసిన గుడ్డో, నిద్రో తల్లి చూసుకుంటుంది. ఆమె ‘ఇక చాలు’ అన్న క్షణాన పని ముగించాలి. మిగిలింది రేపు తీయవచ్చు.

చీర, బట్టలు, నగలు

తల్లికి బాగా ఉతికి మెత్తబడిన నేత చీరో, నూలు చుడీదారో మేలు. కొత్త పట్టుచీర జరీ అంచు బిడ్డ బుగ్గకు గీరుకుంటుంది, పైగా వెలుగు పడినచోటల్లా తెల్లగా మెరిసి చూపును ముఖాల మీద నుంచి లాగేస్తుంది. రంగు విషయంలో ఒక సంగతి చాలామంది గమనించరు. పసిబిడ్డ ముఖం తల్లి గుండెకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆమె కట్టుకున్న బట్ట రంగు బిడ్డ చర్మం మీద ప్రతిఫలిస్తుంది. చిలకపచ్చ చీరైతే బిడ్డ గడ్డం కింద పచ్చగా, ముదురు గులాబీ అయితే కందినట్టుగా కనిపిస్తుంది. గోధుమ, లేత పసుపు, మీగడ తెలుపు, వెలిసిన నీలం వంటి రంగులు ఈ చిక్కు తెచ్చిపెట్టవు.

కొంగుకు భుజం మీద గుచ్చిన పిన్నీసు ఎక్కడుందో తప్పనిసరిగా చూడండి. బిడ్డను భుజాన వేసుకున్నప్పుడు బుగ్గ ఆనేది సరిగ్గా అక్కడే. దాన్ని తీసేసి కొంగును నడుములో దోపుకోమనండి. రాళ్ల గాజులు, పొడవాటి హారాలు, కొక్కేలున్న చెవిపోగులు పక్కన పెట్టించండి. మంగళసూత్రం తీయమని అడగకుండా, బిడ్డ ముఖానికి తగలకుండా వెనక్కి వేసుకోమంటే సరిపోతుంది.

బిడ్డకు గౌనులు, టోపీలు, తలకు పట్టీలు పెట్టి ముస్తాబు చేయాలని అందరికీ ఉంటుంది గాని, ఒట్టి మెత్తని నూలుగుడ్డలో చుట్టిన బిడ్డ ఫోటో ఎన్నేళ్లయినా పాతబడదు. కళ్లకు కాటుక వద్దని పిల్లల వైద్యులు చెబుతారు. బుగ్గనో, అరికాలునో పెట్టిన దిష్టిచుక్కను, మొలతాడును, మణికట్టుకు కట్టిన నల్లపూసలను అలాగే ఉండనివ్వండి. అవి ఆ ఇంటి ఆనవాళ్లు. తర్వాత కంప్యూటరులో వాటిని చెరిపేయవద్దు.

కిటికీ వెలుగు

ఇక్కడ కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే ఫోటో బాగోగుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది.

మొదట గదిలోని దీపాలన్నీ ఆర్పేయండి. పగటి వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైటు ఒక రంగు, పసుపు బల్బు మరో రంగు. మూడూ కలిస్తే బిడ్డ ముఖం ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం. తర్వాత గోడలు చూడండి. ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు, గులాబీ రంగు వేసిన గదుల్లో గోడ నుంచి తిరిగి వచ్చే వెలుగు చర్మం రంగును మార్చేస్తుంది. తెలుపో, లేత రంగో ఉన్న గది ఇంట్లో ఒక్కటైనా ఉంటే, అది వంటింటి పక్కన సామాన్ల గది అయినా సరే, అక్కడికే మారండి.

ఉత్తరం వైపు కిటికీలోకి ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ రాదు కాబట్టి వెలుగు మెత్తగా, నిలకడగా ఉంటుంది. తూర్పు కిటికీ అయితే ఎండ పైకెక్కాక, పడమటి కిటికీ అయితే మధ్యాహ్నానికి ముందు వాడుకోండి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీ చువ్వల నీడలు ముఖం మీద చారలుగా పడతాయి. అప్పుడు పలుచని తెల్ల పంచెను ఒకే మడతగా కిటికీకి కట్టండి. పంచె మొత్తం వెలిగి, కిటికీ అంత పెద్ద మెత్తని దీపంలా పనిచేస్తుంది. రంగు కర్టెనుతో ఈ పని చేయవద్దు.

తల్లిని కిటికీకి ఒక మీటరు దూరంలో, కిటికీ ఆమెకు పక్కగా వచ్చేలా కూర్చోబెట్టి, ముఖాన్ని కొద్దిగా వెలుగు వైపు తిప్పమనండి. కిటికీ ఆమె వెనక ఉంటే ఇద్దరూ నల్లని నీడలవుతారు. సరిగ్గా ఎదురుగా ఉంటే ముఖాలు చదునుగా కనిపిస్తాయి. ఆమె ముఖంలో కిటికీకి అవతల ఉన్న సగం మరీ చీకటిగా ఉంటే, ఆ వైపు ఒక తెల్ల థర్మోకోల్ షీటునో, తెల్ల దుప్పటి కప్పిన కుర్చీనో పెట్టండి. దాన్ని దగ్గరికి, దూరానికి జరుపుతూ నీడ ఎంత ఉండాలో చూసుకోవచ్చు. పూర్తిగా పోగొట్టవద్దు, ఆ నీడే బుగ్గలకు గుండ్రదనాన్ని ఇస్తుంది.

ఇప్పుడు బిడ్డ తల ఎటు ఉండాలన్నది తేల్చాలి. కిటికీ తల్లికి ఎడమ పక్కన ఉంటే బిడ్డ తల ఆమె ఎడమ మోచేతి మీద ఉండాలి. అలా ఉంటే వెలుగు మాడు మీదుగా నుదుటికి, నుదుటి నుంచి ముక్కు మీదికి, పెదవుల మీదికి జారి, ముక్కు కింద చిన్న నీడ గడ్డం వైపు పడుతుంది. కనురెప్పల వెంట్రుకలు సైతం విడివిడిగా కనిపిస్తాయి. అదే తల కుడి మోచేతి మీద, కాళ్లు కిటికీ వైపు ఉంటే వెలుగు గడ్డం కింది నుంచి ముక్కు రంధ్రాల్లోకి ఎక్కి, నీడలు నుదుటి మీదికి పాకుతాయి. నిద్రపోతున్న ముద్దులొలికే ముఖం కూడా అప్పుడు చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది. మంచం మీద పడుకోబెట్టిన బిడ్డకూ ఇదే నియమం: తల కిటికీ వైపు, కాళ్లు గది లోపలి వైపు. మీ ఫోన్లోని పాత ఫోటోలను ఒకసారి తెరిచి, ముక్కు నీడ ఎటు పడిందో చూస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది.

రాత్రిపూట తప్పనిసరైతే గదిలో ఒకే రకం దీపం వెలిగించి తీయండి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది కాబట్టి కొన్ని ఎల్ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి; షట్టర్ వేగాన్ని, అంటే కెమెరా వెలుగును లోపలికి తీసుకునే సమయాన్ని, సెకనులో 1/100 దగ్గరో, 1/50 దగ్గరో ఉంచితే ఫోటోలో అడ్డచారలు రావు. మామూలు కెమెరా ఫ్లాష్ వల్ల బిడ్డ చూపు దెబ్బతింటుందనడానికి ఆధారాలు లేవు గాని, అది బిడ్డను ఉలిక్కిపడేలా చేస్తుంది, ముఖాన్ని తెల్లగా పాలిపోయినట్టు చూపుతుంది. కాబట్టి అవసరమైతే తెల్లని పైకప్పు వైపు తిప్పి వాడండి. ఫ్లాష్‌తో తీసిన ఫోటోల విషయంలో మరొకటి చెప్పాలి. పాప ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మళ్లీ మళ్లీ కనిపిస్తే దాన్ని కెమెరా తప్పుగా కొట్టిపారేయకండి. అది ఒక్కోసారి కోణం వల్ల కావచ్చు గాని, కంటి లోపలి పొరకు వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సరుకు తొలి గుర్తు కూడా కావచ్చు. ఆలస్యం చేయకుండా కంటి వైద్యుడికి చూపించాలి. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దీనికి చికిత్స ఉంది.

ఇద్దరినీ దగ్గర చేయడం

తల్లీబిడ్డల ఫోటోలో అసలు విషయం ఆ ఇద్దరి ముఖాల మధ్య ఉన్న దూరమే. ఒళ్లో కింద ఎక్కడో పడుకున్న బిడ్డకూ, పైన ఉన్న తల్లి ముఖానికీ మధ్య రెండడుగుల ఖాళీ ఉంటే ఫోటో రెండు ముక్కలుగా కనిపిస్తుంది. తల్లి వంగితే నడుము నొప్పి, ఆపరేషన్ అయినవారికి కుట్ల బాధ. కాబట్టి ఆమెను వంగమనకుండా బిడ్డను పైకి తీసుకురండి. ఆమె మోచేతి కింద రెండు దిండ్లు పెడితే బిడ్డ బరువు చేతుల మీదగాని, పొట్ట మీదగాని పడదు; బిడ్డ నుదురు ఆమె గడ్డానికి జానెడు దూరంలోకి వస్తుంది. ఇక ఆమె కాస్త తల వంచితే చాలు.

‘ఇటు చూడు, నవ్వు’ అనకండి. నవ్వమంటే వచ్చేది పళ్లు మాత్రమే. బిడ్డ మాడు వాసన చూడమనండి, వేళ్లు ఒక్కొక్కటీ విప్పి చూడమనండి, చెవులు ఎవరి పోలికో చెప్పమనండి, అలవాటున్న జోలపాట సన్నగా పాడమనండి. అప్పుడు కళ్లు వాటంతటవే బిడ్డ మీద నిలుస్తాయి, భుజాలు వదులవుతాయి. మీరు చెప్పవలసింది చెప్పాక కాసేపు మాట్లాడకుండా ఆగండి.

కొన్ని భంగిమలు దాదాపు ప్రతి ఇంట్లోనూ కుదురుతాయి. తేన్పు కోసం భుజాన వేసుకున్నప్పుడు తల్లి వెనక్కి వెళ్లండి. ఆమె భుజం మీద నొక్కుకుపోయిన బుగ్గ, సగం తెరుచుకున్న నోరు, పక్క నుంచి కనిపించే ఆమె చెంప ఒకే చట్రంలోకి వస్తాయి. మంచం మీద ఇద్దరినీ ఎదురెదురుగా పక్కకు తిరిగి పడుకోబెడితే ఆపరేషన్ అయిన తల్లికి కూడా హాయిగా ఉంటుంది. నూలుచీరతో కట్టిన ఉయ్యాల ఇంట్లో ఉంటే, బట్టను రెండు చేతులతో విప్పి తొంగిచూస్తున్న తల్లిని ఉయ్యాల కాళ్ల వైపు నుంచి తీయండి. పలుచని బట్టలోంచి వడకట్టి వచ్చే వెలుగు బిడ్డ ముఖానికి ఎంతో నప్పుతుంది. పాలిచ్చేటప్పుడు తల్లి ఒప్పుకుంటే ఆమె భుజం వెనక నుంచి కిందికి చూస్తూ తీయండి. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే బాగా కనిపిస్తాయి. పాలు తాగే బిడ్డకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం దాదాపు అంతే కాబట్టి, ఆ కాసేపూ బిడ్డ ఆమెనే చూస్తుంది.

పసిబిడ్డ నిద్రలో ఉలిక్కిపడి రెండు చేతులూ ఒక్కసారిగా చాపడం మామూలే. అలా జరిగితే తల్లి అరచేతిని బిడ్డ ఎద మీద మెల్లగా ఆనించమనండి. సర్దుకుని మళ్లీ నిద్రపోతుంది, ఆ చెయ్యి ఉన్న ఫోటో కూడా మీకు దక్కుతుంది.

కెమెరా, ఫోను

లెన్సును మెత్తని బట్టతో తుడవడంతో మొదలుపెట్టండి. ఫోన్ల మీద వేలిముద్రల జిడ్డు వల్ల వచ్చే మసకను చాలామంది కెమెరా లోపం అనుకుంటారు. బ్యూటీ మోడ్‌ను పూర్తిగా ఆపేయండి. అది చామనఛాయ ముఖాన్ని తెల్లబరుస్తుంది, బిడ్డ చర్మం మీది సహజమైన పొలుసులను, నూగును చెరిపేసి బొమ్మలా చేస్తుంది.

ఫోన్లో మామూలు 1ఎక్స్ లెన్సుతో ముఖానికి దగ్గరగా వెళితే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. మీరు ఒకటిన్నర, రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ వాడండి. తెర మీద బిడ్డ బుగ్గను వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ అక్కడ స్థిరపడతాయి. తర్వాత వెలుగును కొంచెం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. తెల్లని బట్టలు ఎక్కువగా ఉన్న దృశ్యాన్ని కెమెరా బూడిదరంగుగా చూపుతుంది కాబట్టి అప్పుడు కాస్త పెంచాలి. పోర్ట్రెయిట్ మోడ్ వెనకభాగాన్ని కృత్రిమంగా మసకబారుస్తుంది. బిడ్డ జుట్టు, చెవి అంచు, తల్లి వేళ్ల దగ్గర అది తరచూ తప్పు చేస్తుంది. దాన్ని వాడితే మసకను తక్కువగా ఉంచి, అదే దృశ్యాన్ని మామూలుగా కూడా ఒకటి తీసి పెట్టుకోండి.

కెమెరా ఉన్నవారు లెన్సు రంధ్రాన్ని బాగా తెరిచే ఎఫ్/1.8 ఉంది కదా అని దాన్నే వాడకండి (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాకు 50 ఎంఎం లెన్సు పెట్టి, ఒకటిన్నర మీటరు దూరం నుంచి ఎఫ్/1.8 వద్ద తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు పది సెంటీమీటర్లే. బిడ్డ కన్ను స్పష్టంగా ఉంటే తల్లి కన్ను మసకబారుతుంది. ఎఫ్/4 వద్ద అది రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. రెండు ముఖాలూ మీ నుంచి దాదాపు సమాన దూరంలో ఉండేలా మీరే పక్కకు జరగడం ఇంకా మంచిది. నిద్రపోయే బిడ్డకు 1/125, మేలుకున్న బిడ్డకు 1/250, పాకే పిల్లలకు 1/500 షట్టర్ వేగం ఉండాలి. అందుకోసం ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే తీరును, 1600కు, 3200కు పెంచవలసి వచ్చినా పెంచండి. దానివల్ల ఫోటోలో వచ్చే గరుకుదనాన్ని ఎవరూ పట్టించుకోరు, కదిలిపోయిన ముఖాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

నిలబడి పైనుంచి కిందికి తీసే అలవాటు మానుకోండి. నేల మీద చాప వేసుకుని కూర్చుని, లెన్సును తల్లి కళ్ల ఎత్తుకు గాని, అంతకంటే కొంచెం పైకి గాని తీసుకురండి. పైనుంచి తీయక తప్పనప్పుడు బిడ్డను నేల మీది పరుపు మీద పడుకోబెట్టి మీరు నేల మీదే నిలబడండి. స్టూలెక్కి బిడ్డ మీదుగా వంగవద్దు. కెమెరా పట్టీ మెడలో, ఫోన్ పట్టీ మణికట్టుకు ఉండాలి.

నెలలు గడిచేకొద్దీ

దాదాపు ఆరు వారాలకు బిడ్డ ముఖం చూసి నవ్వడం మొదలుపెడుతుంది, ఆ నవ్వు మొదట తల్లికే దక్కుతుంది. కాబట్టి ఆమె భుజం పక్క నుంచి, ఆమె చెంప అంచు చట్రంలో ఉండేలా తీయండి. మూడు నాలుగు నెలలకు మెడ నిలుస్తుంది. అప్పుడు తల్లి వెల్లకిలా పడుకుని బిడ్డను ఎద మీద బోర్లా వేసుకుంటే ఇద్దరూ కెమెరాకు సమానమైన ఎత్తులోకి వస్తారు. అంతకుముందు తలకూ, మెడకూ చేతి ఆసరా లేకుండా ఎత్తించే భంగిమ ఏదీ వద్దు.

అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం వంటివి పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. అందరూ తల్లి వెనక నిలబడి తీస్తారు. మీరు వస్తువులకు అవతల వైపు నేల మీద కూర్చోండి, చాచిన చెయ్యి, బిడ్డ ముఖం, వెనక తల్లి ఆత్రం మూడూ పడతాయి. బారసాలలోనూ, అన్నప్రాశనలోనూ వీడియో తీసేవారి ఎల్ఈడీ దీపం నేరుగా బిడ్డ కళ్లలోకి కొడుతుంటే, పక్కకు తిప్పమని మర్యాదగా అడగండి. తల్లీబిడ్డల ఫోటోలను మాత్రం చుట్టాలు రాకముందే ముగించడం ఉత్తమం.

ఎనిమిది, తొమ్మిది నెలల పిల్లలు కొత్తవాళ్లను చూసి ఏడుస్తారు. కెమెరా సంచిలోనే ఉంచి, తల్లితో కబుర్లు చెబుతూ కాసేపు కూర్చోండి; బిడ్డే మీ దగ్గరికి పాకి వస్తుంది. పిలవడానికి ఒక్కరే ఉండాలి, వాళ్లు లెన్సుకు ఆనుకుని వెనక నిలబడి పిలవాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి చప్పట్లు కొడితే బిడ్డ చూపు ఎటూ నిలవదు. అడుగులేసినప్పుడు అరిసెల మీద నడిపించే వేడుకలో కెమెరాను దాదాపు నేలకు ఆనించండి. పాదాలు, అరిసెలు, రెండు చిటికెన వేళ్లూ పట్టుకుని వెనక వంగిన తల్లి, ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఎంత ముచ్చటగా ఉన్నా వద్దన్నవి

రెండు అరచేతుల మీద గడ్డం ఆనించుకుని, కప్పలా కూర్చుని నిద్రపోతున్న పసిబిడ్డ ఫోటోలు మీరు చూసే ఉంటారు. బిడ్డ అలా ఎప్పుడూ కూర్చోదు. ఒకరు తల పట్టుకుని ఒకటి, చేతులు పట్టుకుని మరొకటి తీసి, తర్వాత ఆ రెండింటినీ కంప్యూటరులో కలుపుతారు. ఇంట్లో దాన్ని అనుకరించవద్దు. బుట్టల్లో ఎత్తున పెట్టడం, కొమ్మకు వేలాడదీసిన గుడ్డలో పడుకోబెట్టడం, గాజు సామాన్ల మధ్య ఉంచడం కూడా వద్దు. చేటలో పడుకోబెట్టే ఆచారం ఇంట్లో ఉంటే చేట నేల మీదే ఉండాలి, అందులో మందంగా బొంత వేయాలి, ఒక మనిషి చెయ్యందే దూరంలో కూర్చోవాలి.

తీసిన తర్వాత

మొదట తల్లికి చూపించండి, ఆమె తీసేయమన్నవి మారుమాట లేకుండా తీసేయండి. సామాజిక మాధ్యమాల్లో ఏవి పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఆ తల్లిదండ్రులే నిర్ణయించాలి. ఒంటి మీద బట్టల్లేని బిడ్డ ఫోటోలు ఇంట్లోనే ఉండాలి. ఫోన్ సెట్టింగుల్లో ఫోటోతోపాటు చోటు నమోదయ్యే సదుపాయాన్ని ఆపేయండి.

దిద్దుబాటు తక్కువగా ఉంటేనే బాగుంటుంది. గోరు గీరుకున్న గాటు, పాల మరక వంటివి తీసేయవచ్చు. కామెర్ల పసుపు ఛాయ కొంచెం ఉంటే రంగును కాస్త సవరించవచ్చు. ముఖం మరీ ఎర్రగా మచ్చలు మచ్చలుగా ఉంటే నలుపు తెలుపులోకి మార్చితే సరిపోతుంది. తల్లి కళ్ల కింది నలుపును ఏం చేయాలో ఆమెనే అడగండి. కొందరు తీసేయమంటారు, కొందరు ఆ రోజుల గుర్తుగా ఉంచమంటారు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి. ప్రింటు వేయించేటప్పుడు 8×12 అంగుళాలకు 2400×3600 పిక్సెళ్లు ఉంటే స్పష్టంగా వస్తుంది. ఫోన్ తెర కాగితం కంటే వెలుతురుగా కనిపిస్తుంది కాబట్టి, ముందుగా ఒక్క 4×6 ప్రింటు వేయించి చర్మం రంగు చూసుకుని, అవసరమైతే వెలుగు కొంచెం పెంచి పెద్దది వేయించండి. వెనకవైపు తేదీ, బిడ్డ వయసు రాసేటప్పుడు గట్టిగా ఒత్తవద్దు, అక్షరాల గాడి ముందువైపు తేలుతుంది. రెండు ప్రతులు తీయించి ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో ఉంచండి.